గురికి కుదురు: బెంచ్‌రెస్ట్ రైఫిల్ వెనుక ఇసుక సంచిని ఎలా ఎంచుకోవాలి?

1973లో అమెరికా షూటర్ మాక్ మెక్‌మిలన్ 100 గజాల దూరంలోని కాగితం మీదకు అయిదు బుల్లెట్లు కాల్చారు. అయిదూ దాదాపు ఒకే రంధ్రంలోంచి దూసుకుపోయాయి. వాటిలో ఒకదానికొకటి ఎక్కువ దూరంగా పడిన రెండింటి కేంద్రాల మధ్య ఎడం 0.009 అంగుళం, అంటే సుమారు 0.23 మిల్లీమీటరు. ఆ రికార్డు 40 ఏళ్లు నిలిచింది. 2013లో మైక్ స్టినెట్ దాన్ని 0.0077 అంగుళానికి, అంటే దాదాపు 0.2 మిల్లీమీటరుకు తగ్గించారు.

ఇలాంటి గురి మాట వచ్చినప్పుడు బ్యారెల్ గురించి, స్కోపు గురించి, తూటాలో మందు గురించి చర్చ జరుగుతుంది. తుపాకీ మడమ కింద కదలకుండా కూర్చున్న ఇసుక సంచిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అన్నిటికంటే చవకగా దొరికే సామగ్రి అదే. అది సరిగ్గా లేకపోతే మాత్రం మిగతా ఖరీదైన భాగాలన్నీ తమవి కాని తప్పులు మోయాల్సి వస్తుంది. సంచి చేసిన తప్పుకు బ్యారెల్ మార్చేవారు, స్కోపును వెనక్కి పంపేవారు తక్కువేమీ కాదు. అందుకే ఈ సంచి ఏం పని చేస్తుందో, దాన్ని దేన్నిబట్టి ఎంచుకోవాలో తెలుసుకోవడం అవసరం. ఇందులో లివరు సూత్రం, న్యూటన్ మూడో నియమం, ఘర్షణ, ఇసుక రేణువుల వింత స్వభావం అన్నీ కలిసి కనిపిస్తాయి.

బెంచ్‌రెస్ట్ అంటే

ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో తుపాకీకి ఆధారం షూటర్ శరీరమే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన హైదరాబాదీ గగన్ నారంగ్ నిలబడి, చేతుల మీద తుపాకీ మోస్తూ గురిపెట్టారు. అక్కడ పరీక్ష మనిషికి. ఊపిరి, నాడి, కండరాల వణుకు అన్నిటినీ అదుపులో పెట్టుకోవాలి.

బెంచ్‌రెస్ట్ దీనికి భిన్నం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఇది పోటీ క్రీడగా స్థిరపడింది. షూటర్ ఒక బరువైన, కదలని బల్ల ముందు కూర్చుంటాడు. రైఫిల్ ముందు భాగం మూడు కాళ్ల స్టాండు మీద ఉంటుంది. దాని తల మీద కూడా చిన్న ఇసుక సంచి ఉంటుంది. రైఫిల్ వెనుక భాగం, అంటే మడమకు కాస్త ముందున్న అడుగు భాగం, రెండో ఇసుక సంచి మీద ఆనుతుంది. మనిషి వణుకును వీలైనంతగా పక్కన పెట్టి, రైఫిలూ తూటా ఎంత కచ్చితంగా ఉన్నాయో కొలవడం దీని ఉద్దేశం. అలా చూస్తే బెంచ్‌రెస్ట్ ఆట మాత్రమే కాదు, ఒక కొలత పద్ధతి కూడా. కొలిచే పరికరం తానే కదిలితే ఆ కొలతను నమ్మలేం. వెనుక సంచి ఆ పరికరంలో ఒక భాగం.

మడమ దగ్గర ఒక మిల్లీమీటరు

రైఫిల్ ముందు ఆసరాకూ వెనుక సంచికీ మధ్య దూరం 75 సెంటీమీటర్లు అనుకుందాం. 100 గజాలంటే 91.4 మీటర్లు. ఇది 75 సెంటీమీటర్లకు సుమారు 122 రెట్లు. ముందు ఆసరా కదలకుండా ఉండి, మడమ ఒక్క మిల్లీమీటరు పైకి లేస్తే, బుల్లెట్ లక్ష్యం దగ్గర దాదాపు 122 మిల్లీమీటర్లు, అంటే దాదాపు సగం జానెడు, కిందికి దిగుతుంది.

ఇదే లెక్కను తిరగేసి చూద్దాం. తూటాలన్నీ 5 మిల్లీమీటర్ల లోపు పడాలంటే మడమ ప్రతిసారీ 0.04 మిల్లీమీటరు తేడాలో అదే చోటికి రావాలి. మనిషి తలవెంట్రుక మందం సాధారణంగా 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు. అంటే వెంట్రుక మందం కంటే తక్కువ తేడాను ఒక తోలు సంచీ, అందులోని ఇసుకా కాపాడాలి.

దూరం తగ్గితే ఈ గుణకం కూడా తగ్గుతుంది. 50 మీటర్ల దూరంలో ఇదే రైఫిల్‌కు అది 67 రెట్లు, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజిలో 13 రెట్లు. కాబట్టి ఎంత మంచి సంచి కావాలన్నది ఎంత దూరం కాలుస్తున్నారన్న దాన్నిబట్టి కూడా మారుతుంది.

బుల్లెట్ బయటపడక ముందే తుపాకీ కదులుతుంది

తుపాకీ వెనక్కి తన్నడం బుల్లెట్ వెళ్లిపోయాక జరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బుల్లెట్ బ్యారెల్‌లో ముందుకు కదలడం మొదలైన క్షణంలోనే తుపాకీ వెనక్కి కదలడం మొదలుపెడుతుంది. న్యూటన్ మూడో నియమం ఆలస్యాన్ని ఒప్పుకోదు.

ఎంత కదులుతుంది? తక్కువ దూరపు బెంచ్‌రెస్ట్‌లో 6 పీపీసీ అనే తూటా బాగా ప్రసిద్ధం. దాన్ని 1975లో లూయీ పామిసానో, ఫెరిస్ పిండెల్ రూపొందించారు. అందులో బుల్లెట్ బరువు సుమారు 4.4 గ్రాములు, మందు 2 గ్రాముల లోపు. పోటీల్లోని ఒక ప్రధాన తరగతిలో రైఫిల్ బరువు 10.5 పౌండ్లు, అంటే 4.76 కిలోలు దాటకూడదు. బుల్లెట్ బ్యారెల్‌లో అర మీటరు ప్రయాణించేలోగా, బరువుల నిష్పత్తి ప్రకారం, తుపాకీ అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ వెనక్కి జరుగుతుంది. దీనికి పట్టే సమయం సుమారు సెకనులో వెయ్యో వంతు.

ఆ అర మిల్లీమీటరు జారుడు ఇసుక సంచి మీదే జరుగుతుంది. రైఫిల్ అడుగు భాగం చాలా డిజైన్లలో వెనక్కి పోయేకొద్దీ కిందికి వాలుతుంది. ఈ వాలు వల్ల తుపాకీ వెనక్కి జరిగినప్పుడు మడమ కాస్త కిందికి దిగి, బ్యారెల్ మూతి పైకి లేస్తుంది. వాలు మూడు డిగ్రీలుంటే అర మిల్లీమీటరు జారుడుకు మడమ సుమారు 0.026 మిల్లీమీటరు దిగుతుంది. 122తో గుణిస్తే లక్ష్యం దగ్గర 3 మిల్లీమీటర్లు దాటుతుంది.

ఆ 3 మిల్లీమీటర్లు ప్రతిసారీ అంతే ఉంటే నష్టం లేదు. స్కోపును ఒకసారి సరిచేస్తే సరిపోతుంది. ఒకసారి సాఫీగా జారి, మరోసారి పట్టేస్తేనే చిక్కు. వెనుక సంచి గురించి గుర్తుంచుకోవాల్సిన ముఖ్యమైన మాట ఇదే: తుపాకీని కదలకుండా పట్టుకోవడం సంచి పని కాదు, కదలడం ఎలాగూ తప్పదు. ప్రతిసారీ ఒకే రకంగా కదలనివ్వడం, తర్వాత మొదటి చోటికే తిరిగి రానివ్వడం దాని పని. సంచి ఎంపికలో ప్రతి నిర్ణయాన్నీ ఈ గీటురాయి మీదే పరీక్షించాలి. చాలా బెంచ్‌రెస్ట్ రైఫిళ్లకు అడుగు భాగాన్ని వాలు లేకుండా, బ్యారెల్‌కు దాదాపు సమాంతరంగా మలచడానికి కారణం కూడా ఇదే.

ఇసుకే ఎందుకు?

ఇసుక ద్రవమా, ఘనమా? చేతిలోంచి జారేటప్పుడు నీళ్లలా ప్రవహిస్తుంది. కాలి కింద పడితే బరువు మోస్తుంది. వెనుక సంచికి ఈ రెండు గుణాలూ కావాలి. రైఫిల్‌ను పెట్టి నొక్కేటప్పుడు ఇసుక ఒదిగి దాని ఆకారం తీసుకోవాలి. ఆ తర్వాత రాయిలా నిలబడాలి.

రేణువులు బిగుసుకున్నప్పుడు బరువు వాటన్నిటి మీదా సమానంగా పడదు. ఒకదానికొకటి ఆనుకున్న కొన్ని రేణువుల వరుసలు గొలుసుల్లా ఏర్పడి ఎక్కువ బరువు మోస్తాయి. చిన్న కుదుపుకు ఈ గొలుసుల్లో కొన్ని తెగి, కొత్తవి ఏర్పడతాయి. వదులుగా నింపిన సంచిలో ఇది ప్రతి తూటాకూ జరుగుతుంది. అప్పుడు మడమ కొద్దికొద్దిగా దిగిపోతూ ఉంటుంది. కాగితం మీద రంధ్రాలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చినట్టు కనిపిస్తాయి.

దీనికి మందు వంటింట్లో అందరికీ తెలిసిందే. డబ్బాలో బియ్యం పోసి నాలుగుసార్లు తడితే మట్టం దిగి, ఇంకాస్త బియ్యానికి చోటు దొరుకుతుంది. ఒకే పరిమాణంలోని గుండ్రటి గోళాలను వదులుగా పోస్తే అవి స్థలంలో దాదాపు 55 శాతమే నింపుతాయి. తట్టి కుదిస్తే ఎటూ పొందిక లేకుండానే సుమారు 64 శాతం వరకు చేరతాయి. అందుకే అనుభవమున్న షూటర్లు సంచిని ఒక్కసారిగా నింపరు. కొంచెం పోసి, బల్ల మీద తట్టి, చెక్క పుల్లతో కూరి, మళ్లీ పోస్తారు. పైకి లేచిన భాగాల మూలల్లో ఖాళీ మిగలకుండా ముందుగా వాటిని బిగిస్తారు.

బాగా కుదిసిన ఇసుకకు ఇంకో గుణం ఉంది. దాన్ని వంచాలన్నా, పక్కకు నెట్టాలన్నా రేణువులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలి. అందుకు ఇసుక ముందు ఉబ్బాలి. ఆస్‌బోర్న్ రెనాల్డ్స్ 1885లో వివరించిన విషయం ఇది. సముద్రం ఒడ్డున తడి ఇసుక మీద అడుగు వేస్తే పాదం చుట్టూ ఒక్క క్షణం పొడిబారినట్టు కనిపిస్తుంది. ఇసుక ఉబ్బి, పైనున్న నీటిని లోపలి ఖాళీల్లోకి లాక్కోవడమే కారణం. చుట్టూ తోలు బిగుతుగా ఉంటే ఇసుక ఉబ్బడానికి చోటుండదు, కాబట్టి ఆకారం మారడమూ కష్టమవుతుంది. నిండిన సంచి గట్టిగా ఉండటంలోని రహస్యం ఇసుక ఒక్కటే కాదు, బిగుతైన తోలు కూడా.

మూడో గుణం, ఇసుక శక్తిని తినేస్తుంది. గోళీని గచ్చు మీద వదిలితే ఎగురుతుంది. ఇసుక పళ్లెంలో వదిలితే అక్కడే ఆగిపోతుంది. లెక్కలేనన్ని రేణువుల రాపిడిలో ఆ శక్తి వేడిగా చెదిరిపోతుంది. రైఫిల్ తన్నినప్పుడు సంచి స్ప్రింగులా తిరిగి ఎగదన్నకుండా ఉండేది ఇందువల్లే.

సంచిలో ఏం నింపాలి?

మామూలు నది ఇసుకను జల్లించి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి వాడితే చాలా అవసరాలకు సరిపోతుంది. ముఖ్యమైన షరతు పొడిదనం. కొద్దిపాటి తేమ ఉన్నా రేణువుల మధ్య సన్నని నీటి వంతెనలు ఏర్పడి ఇసుకను అతికిస్తాయి. పిల్లలు కట్టే ఇసుక గూళ్లు నిలబడేది ఆ బలంతోనే. పొద్దున తేమగా ఉన్న సంచి మధ్యాహ్నపు ఎండకు ఆరితే దాని గట్టిదనం మారుతుంది. బొరుగుల బట్టీలో ఇసుకను వేడిచేసినట్టు పెనం మీద వేడిచేసి, చల్లార్చి నింపితే ఈ బాధ ఉండదు. సముద్రపు ఇసుక పనికిరాదు. అందులో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది, తోలునూ ఇనుప భాగాలనూ పాడుచేస్తుంది.

తక్కువ చోటులో ఎక్కువ బరువు కావాలనుకునేవారు జిర్కాన్, క్రోమైట్ వంటి ఖనిజాల బరువైన ఇసుకను వాడతారు. పొడి నది ఇసుక లీటరు సుమారు 1.6 కిలోలు తూగితే, జిర్కాన్ ఇసుక 2.8 కిలోల దాకా తూగుతుంది. మూడు లీటర్ల సంచి మొదటిదానితో 5 కిలోలకు కాస్త తక్కువ, రెండోదానితో 8 కిలోలు దాటుతుంది. జిర్కాన్ మనకు కొత్తదేమీ కాదు. శ్రీకాకుళం, భీమునిపట్నం ప్రాంతాలు సహా ఆంధ్రప్రదేశ్ తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, సిలిమనైట్‌లతో పాటు జిర్కాన్ కూడా ఉంది. అయితే ఆ ఇసుకలోనే థోరియం ఉన్న మోనజైట్ కూడా ఉంటుంది. దాని తవ్వకం మీద ప్రభుత్వ నియంత్రణ ఉంది. కాబట్టి బీచ్‌లో ఎత్తుకొచ్చి నింపుకునే వస్తువు కాదది. పోత పోసే ఫౌండ్రీలకు అమ్మే శుద్ధి చేసిన జిర్కాన్ ఇసుకే ఈ పనికి వాడేది.

బియ్యం, పప్పులు, పిండిచేసిన అక్రోటు పెంకు, ప్లాస్టిక్ గుళికలు తేలికగా ఉంటాయి. భుజాన వేసుకుని తిరిగేవారికి ఇవి అనుకూలం. ధాన్యాలు మాత్రం తేమకు ఉబ్బుతాయి, పురుగు పడతాయి. థర్మాకోల్ పూసల్లో ఉండేది ఎక్కువగా గాలే. నొక్కితే అణిగి, వదిలితే పైకి లేస్తాయి. ఇది స్ప్రింగు గుణం, బల్ల మీది కచ్చితమైన గురికి సరిపడదు. సీసం గుళికలు బరువైనవే, కానీ సీసం ధూళి విషం కాబట్టి వాటి జోలికి పోకపోవడమే మేలు. ఇసుక నింపేటప్పుడు లేచే సన్నని సిలికా దుమ్ము కూడా ఊపిరితిత్తులకు హానికరం. ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని ఈ పని చేయాలి.

పోటీలకు వెళ్లేవారు ముందుగా నియమాలు చూసుకోవాలి. సంచులు వాడే చాలా తరగతుల్లో ముందు ఆసరానూ వెనుక సంచినీ ఒకదానికొకటి బిగించకూడదు. రైఫిల్‌ను నిటారుగా ఎత్తితే ఏ అడ్డూ లేకుండా పైకి రావాలి. సంచిలో పొడి ఇసుక తప్ప ఇంకేమీ కలపకూడదని, వేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలని చెప్పే నియమాలు కూడా ఉన్నాయి. లేకపోతే సంచి పేరుతో సిమెంటు దిమ్మెనే తెచ్చిపెట్టే ప్రమాదం ఉంది మరి.

కుందేలు చెవులు, వాటి మధ్య లోయ

బెంచ్‌రెస్ట్ సంచికి పైన కుందేలు చెవుల్లా రెండు ఉబ్బెత్తు భాగాలుంటాయి. రైఫిల్ అడుగు భాగం ఆ రెంటి మధ్య లోయలో కూర్చుంటుంది. చెవులు పొట్టిగా, పొడవుగా రకరకాలుగా దొరుకుతాయి. వాటి మధ్య ఎడం ఒక సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల దాకా మారుతుంది. రైఫిల్ అడుగు వెడల్పుకు ఈ ఎడం సరిపోవడం ముఖ్యం. ఎడం మరీ ఎక్కువైతే రైఫిల్ పక్కలకు ఊగుతుంది, ఒరుగుతుంది. బ్యారెల్ లోపలి గాడులు బుల్లెట్‌ను తిప్పుతున్నప్పుడు రైఫిల్ వ్యతిరేక దిశలో మెలి తిరగాలని చూస్తుంది. ఆ మెలిని ఆపేది ఈ చెవులే.

ఎడం మరీ తక్కువైతే మరో చిక్కు. పిండి మరలో వి ఆకారపు బెల్టును చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. బల్లపరుపు బెల్టు జారే చోట, గాడిలో ఇరుక్కున్న వి బెల్టు పట్టేస్తుంది. గాడి గోడలు రెండు పక్కల నుంచీ నొక్కడం వల్ల ఘర్షణ పెరుగుతుంది. గోడల మధ్య కోణం 60 డిగ్రీలుంటే చదును ఉపరితలంతో పోలిస్తే పట్టు రెట్టింపు. ఇరుకు చెవుల మధ్య రైఫిల్ కూడా ఇలాగే పట్టుకుపోతుంది. సరిగ్గా కుదిరిన సంచిలో రైఫిల్ అడుగు లోయ నేల మీద ఆనుతుంది, చెవులు పక్కల్ని తాకీ తాకనట్టు ఉంటాయి.

చెవులకు వాడే వస్తువును ఎంచుకోవడంలో గీటురాయి ఘర్షణే. ఏ రెండు ఉపరితలాలైనా కదలడం మొదలయ్యే ముందు కాస్త ఎక్కువ పట్టు చూపి, కదిలాక తక్కువ చూపుతాయి. ఈ తేడా ఎక్కువైతే కదలిక సాఫీగా ఉండదు. నూనె లేని తలుపు బందులా ఆగి ఆగి జారుతుంది. వెయ్యో వంతు సెకనులో జరిగే జారుడుకు ఈ ఆగుడు పెద్ద ఆటంకం. గరుకు తోలు, రబ్బరు పట్టేస్తాయి. నున్నని తోలు, దగ్గరగా నేసిన గట్టి నైలాన్ గుడ్డ తక్కువ పట్టుతో జారనిస్తాయి. షూటర్లు చెవుల మీద కాస్త టాల్కం పౌడరు చల్లడం ఇందుకే. క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లడంలో ఉన్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. తోలు తేమను పీలిస్తే దాని గుణం మారుతుంది. మన తీరప్రాంతాల ఉక్కపోతలోనూ, వానకాలంలోనూ నైలాన్ చెవులకు ఈ విషయంలో మొగ్గు ఉంటుంది.

సంచి కింద కుదురు

కుండ అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని కింద చుట్టకుదురు పెడతాం. నిండుగా కూరిన సంచి అడుగు కూడా కుండలా ఉబ్బుతుంది. బల్ల మీద అది ఒక బిందువు దగ్గరే ఆని, అటూ ఇటూ ఊగుతుంది. పైన చెవులు ఎంత బాగున్నా అడుగు ఊగితే ప్రయోజనం లేదు. అందుకే మంచి సంచుల కింద తోలుతో చేసిన, ఇసుక నింపిన చుట్టకుదురు లాంటి ఉంగరం ఉంటుంది. కొన్నిటికి అడుగున గట్టి బల్లపరుపు పలక కుడతారు.

బరువు పాత్ర కూడా ఇక్కడే వస్తుంది. రైఫిల్ చెవుల మీద జారేటప్పుడు సంచిని తనతో లాక్కుపోవాలని చూస్తుంది. పైన పట్టు తక్కువగా, కింద పట్టు ఎక్కువగా ఉండాలి. సంచి బరువు పెరిగితే బల్లతో దాని పట్టు పెరుగుతుంది, కదలికకు దాని జడత్వమూ అడ్డుపడుతుంది. అడుగున గరుకు తోలు లేదా పలుచని రబ్బరు ఉంటే ఇంకా మంచిది. ఒకే సంచికి పైన నునుపు, కింద గరుకు కావాలి.

కొన్నాక సంచిని పరీక్షించే తీరు సులువైనదే. రైఫిల్‌లో తూటా లేదని రెండుసార్లు చూసుకోవాలి. స్కోపులోని అడ్డగీతను లక్ష్యం మీది ఒక గీతతో కలపాలి. తర్వాత రైఫిల్‌ను చేత్తో మెల్లగా రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి లాగి ముందుకు తోయాలి. నిలువు గీత దారి తప్పకుండా అదే గీత మీద నడిచి, తిరిగి మొదటి చోటికి వస్తే సంచీ, ముందు ఆసరా, రైఫిల్ ఒకే వరుసలో ఉన్నట్టు. పక్కకు పోతే సంచిని కొద్దిగా తిప్పి సరిచేయాలి. ఏ దుకాణదారు మాట కన్నా ఈ పరీక్ష నమ్మదగినది.

అన్ని తుపాకులకూ ఒకే సంచి కాదు

బరువైన, గట్టి సంచి బల్ల మీద కూర్చుని కాల్చేవారికే. నేల మీద పడుకుని, చోటు మారుస్తూ కాల్చే పోటీల్లో తేలికైన, కాస్త మెత్తని సంచి వాడతారు. దాన్ని ఒక చేత్తో పిండితే ఉబ్బి మడమ పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. గురి ఎత్తును అలా సర్దుకుంటారు. అక్కడ మెత్తదనం లోపం కాదు, అవసరం.

స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్ కథ ఇంకా వేరు. ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకి, గాలిని నొక్కి, ఆగుతుంది. పెల్లెట్ బ్యారెల్ దాటేలోగానే తుపాకీ వెనక్కీ ముందుకూ ఊగుతుంది. గట్టి సంచి మీద పెడితే ఆ ఊపు ఆసరాను బట్టి మారి, పెల్లెట్ పడే చోటు మారుతుంది. అలాంటి తుపాకీని మెత్తని ఆసరా మీద, వదులుగా పట్టుకుని కాలిస్తేనే మంచి ఫలితం వస్తుంది. ముందే నింపిన గాలితో పనిచేసే ఎయిర్ రైఫిల్‌కు ఈ కుదుపు చాలా తక్కువ. అది గట్టి సంచి మీద చక్కగా కుదురుతుంది.

ఎంత మంచి సంచి కావాలి?

ఖర్చు పెట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని లోపాలు నేరుగా కూడుకోవు. లంబకోణ త్రిభుజం భుజాల్లా వర్గాల మొత్తంగా కలుస్తాయి. రైఫిల్, తూటా కలిసి 6 మిల్లీమీటర్ల చెదురు తెస్తూ, సంచి ఒక్కటే 8 మిల్లీమీటర్లు తెస్తుంటే మొత్తం 10. సంచిని మార్చి దాని వాటాను 2కు తగ్గిస్తే మొత్తం 6.3కు పడిపోతుంది. ఇది పెద్ద లాభం. కానీ రైఫిలే 25 మిల్లీమీటర్ల చెదురు తెచ్చేదైతే, 8 మిల్లీమీటర్ల సంచితో మొత్తం 26.2, రెండు మిల్లీమీటర్ల సంచితో 25.1. ఇక్కడ ఖరీదైన సంచికి పెట్టిన డబ్బు కాగితం మీద కనిపించదు. ఎక్కడ లోపం పెద్దదో అక్కడే ఖర్చు పెట్టాలి.

రెండు సంచులను పోల్చేటప్పుడు తొందరపాటు కూడా మోసం చేస్తుంది. మూడు తూటాల గ్రూప్ సాధారణంగా అయిదు తూటాల గ్రూప్ కంటే చిన్నదిగా కనిపిస్తుంది. అదే రైఫిల్‌తో సగటున అయిదు తూటాల గ్రూప్ 27 శాతం పెద్దది. ఏమీ మార్చకపోయినా అయిదు తూటాల గ్రూపులు ఒకదానికొకటి పావు వంతు అటూ ఇటూ మారడం మామూలే. కాబట్టి కొత్త సంచి మీద ఒక చిన్న గ్రూప్ వచ్చినంత మాత్రాన అది మంచిదని తేల్చకూడదు. ఒక గ్రూప్ పాత సంచి మీద, ఒకటి కొత్తదాని మీద, అలా మార్చి మార్చి కనీసం అయిదేసి గ్రూపులు కాల్చి సగటు చూడాలి. ఆ మధ్యలో తూటా, స్కోపు, పట్టు ఏదీ మార్చకూడదు. గాలి ప్రభావం పక్కకు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, సంచి లోపాన్ని వెతికేవారు ముందుగా నిలువు చెదురును గమనించాలి.

తుపాకీ లేకుండా ఒక ప్రయోగం

ఈ సూత్రాలు చూడటానికి రైఫిల్ అక్కర్లేదు. 60 సెంటీమీటర్ల చెక్క పట్టీ తీసుకుని, దాని మీద లేజర్ పాయింటర్‌ను టేపుతో బిగించండి. పట్టీ ముందు భాగాన్ని బోర్లించిన గిన్నె మీద, వెనుక భాగాన్ని ఒక చిన్న సంచి మీద ఆనించండి. రెండు ఆసరాల మధ్య 50 సెంటీమీటర్లు ఉంచి, 6 మీటర్ల దూరంలోని గోడ మీద ఎర్రచుక్క పడేలా చూడండి. వెనుక ఒక మిల్లీమీటరు కదిలితే గోడ మీద చుక్క 12 మిల్లీమీటర్లు కదులుతుంది. చుక్క ఉన్న చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, పట్టీని వెనక్కి కాస్త జరిపి తిరిగి తోయండి. ఇలా పదిసార్లు చేసి ప్రతిసారీ గుర్తు పెట్టండి. వెనుక సంచి స్థానంలో స్పాంజి, వదులుగా నింపిన బియ్యం మూట, తట్టి కూరిన పొడి ఇసుక మూట వేర్వేరుగా పెట్టి చూడండి. గుర్తులు ఎంత దగ్గరగా పడ్డాయో స్కేలుతో కొలిస్తే ఏ సంచి ఎంత నమ్మకమైనదో అంకెల్లో తెలుస్తుంది. లేజర్ వెలుగు ఎవరి కంట్లోనూ పడకుండా జాగ్రత్తపడాలి.

నిజమైన తుపాకీ విషయానికొస్తే, మన దేశంలో రైఫిల్ వాడకం 1959 ఆయుధాల చట్టం పరిధిలోకి వస్తుంది. లైసెన్సు, అనుమతి ఉన్న షూటింగ్ రేంజి, శిక్షకుడి పర్యవేక్షణ తప్పనిసరి.

సంచి కొనేవారు చూసుకోవాల్సినవి క్లుప్తంగా ఇవి: రైఫిల్ అడుగు వెడల్పుకు సరిపోయే చెవుల ఎడం, నునుపైన పైభాగం, ఊగని గరుకు అడుగు, కుదించి కూరిన పొడి ఇసుక, కదలకుండా కూర్చునేంత బరువు. వీటిలో ఏదీ అరుదైనది కాదు. మంచి తోలు సంచి, జల్లించిన నది ఇసుక, ఓపికగా తట్టి నింపే ఒక గంట సమయం ఉంటే చాలు. ఆ తర్వాత కాగితం మీద కనిపించే చెదురు రైఫిల్‌దో, తూటాదో, గాలిదో, షూటర్‌దో నిర్ధారించుకోవచ్చు. సంచిది మాత్రం కాదని నమ్మకంగా చెప్పవచ్చు.